లాకులు దాటిన అక్షరం
అచ్చు గది నుంచి తెర దాకా – 14వ భాగం

సీసపు అక్షరాల అరలు ఖాళీ అయిపోయి, ఆ స్థానంలోకి పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపు చేసే అను స్క్రిప్టు వచ్చిన కథ గత భాగంలో చెప్పుకున్నాం. 1985లో ఆల్డస్ కంపెనీ మెకింటాష్ కోసం తెచ్చిన పేజ్‌మేకర్ 1987లో విండోస్‌కి చేరింది. 1994లో ఆల్డస్‌ని అడోబీ కొనేసింది. మన గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్లలోని ప్రెస్సుల్లో కంపోజిటర్లు కొందరు కీబోర్డు నేర్చుకుని ఆపరేటర్లయ్యారు. వేళ్లు తిరగని పెద్దవాళ్లు కొందరు ఆ వృత్తికే దణ్ణం పెట్టేశారు. అక్కడ ఆపాం.

2005 ప్రాంతంలో ఏలూరు పవర్‌పేటలోనో రామచంద్రరావుపేటలోనో ఏ డీటీపీ సెంటరు మెట్లెక్కినా దాదాపు ఒకటే సరంజామా. ఇద్దరు ముగ్గురు ఆపరేటర్లు, అసెంబుల్ చేయించిన సిస్టమ్‌లు, ఒక లేజర్ ప్రింటరు, ఆఫ్‌సెట్‌కి పంపడానికి బటర్ పేపర్ కట్ట. పెళ్లిళ్ల రోజులొస్తే శుభలేఖలు. అందులో సగం పెళ్లిళ్లకు వేదిక ద్వారకా తిరుమల. ఫాల్గుణం వస్తోందంటే కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర కరపత్రాలు. తాడేపల్లిగూడెంలో అయితే ఉల్లిపాయల మార్కెట్ కమీషన్ కొట్ల బిల్లు పుస్తకాలు, బెల్లం కొట్ల లెటర్‌హెడ్లు. ఆకివీడు, కైకలూరు వైపు చేపల చెరువుల లీజు అగ్రిమెంట్లు. 2006లో ప్రభుత్వం 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో కొల్లేరు సరస్సు ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టించినప్పుడు లంక గ్రామాల సంఘాల వాళ్లు కలెక్టరాఫీసుకి పట్టుకెళ్లిన వినతిపత్రాలూ ఇలాంటి సెంటర్లలోనే టైపయ్యాయి.

ఆ కాగితాలు ఏమయ్యాయో తెలియదు గానీ, వాటి ఫైళ్లు చాలా చోట్ల ఇంకా ఉన్నాయి. చివర డాట్ పి65 అనో, డాట్ పీఎండీ అనో ఉంటుంది. మొదటిది పేజ్‌మేకర్ 6.5 ఫైలు, రెండోది 7.0 ఫైలు. సుమారు ఇరవై ఏళ్ల పాటు ఈ ప్రాంతం రాసుకున్నది, అడిగినది, వేడుకున్నది, తిట్టుకున్నది అంతా ఆ రెండు రకాల ఫైళ్లలో ఉంది. నా దృష్టిలో ఈ భాగం కథంతా వాటి గురించే. వాటిని తెరవాలంటే ఆ పాత ప్రోగ్రామే బతికి ఉండాలి. ఆ ప్రోగ్రామ్ బతకాలంటే దానికి కింద ఒక విండోస్ ఉండాలి. అదే విండోస్ కాలం తీరిపోతే?

2001లో వచ్చిన 7.0 తర్వాత పేజ్‌మేకర్‌కి మరో వెర్షన్ లేదు. 2004లో అడోబీ దాని అభివృద్ధి ఆపేసింది. ఆపరేటర్లు మాత్రం ఆపలేదు. విండోస్ ఎక్స్‌పీ మీద పేజ్‌మేకర్, దాని మీద అను, వేళ్లకి అలవాటైన 'ఆపిల్' అనే తెలుగు కీబోర్డు లేఅవుట్. ఈ నాలుగూ కలిసి ఒక మనిషి జీవనాధారం. 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌లో కస్టమరు తెచ్చే ప్రతి వైరస్‌కీ ఆ సిస్టమ్‌ల తలుపులు తెరిచే ఉన్నాయి. 2017 మేలో ప్రపంచాన్ని కుదిపిన వన్నాక్రై రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నింటిని కూడా వదల్లేదు. ఇక డీటీపీ సెంటర్ల సంగతి చెప్పేదేముంది.

ఇదిగో, ఈ చిక్కుకి విరుగుడు తయారు చేయడం 1993లోనే మొదలైంది. మన కోసం కాదు, మన ఊసే తెలియని వాళ్లు మొదలుపెట్టారు.

వైన్ పుట్టుక

1991లో ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ని నలుగురి ముందు పెట్టాడు. ఉచితం, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. లోటల్లా ఒకటే. జనం వాడే ప్రోగ్రాములన్నీ విండోస్ కోసం రాసినవి. ఆ రోజుల్లోనే సన్ మైక్రోసిస్టమ్స్ తన యూనిక్స్ యంత్రాల మీద విండోస్ ప్రోగ్రాములు నడిపే 'వాబీ'ని 1993లో బయటపెట్టింది. అంతటితో ఆగకుండా, విండోస్ ప్రోగ్రాములు ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగే ప్రశ్నల జాబితానే అందరి సొత్తయిన ప్రమాణంగా మార్చాలని పట్టుబట్టింది. 1995లో యూరప్ ప్రమాణాల సంస్థ ఎక్మా ఆ మేరకు ఒక ప్రమాణాన్ని ప్రచురించింది కూడా. అప్పటికి విండోస్ 95 వచ్చేసింది. ఆ ప్రమాణం విండోస్ 3.1 దగ్గరే మిగిలిపోయింది. మైక్రోసాఫ్ట్ బలం అంతా అక్కడే ఉంది. తలుపు ఎక్కడుందో పోటీవాళ్లు పట్టుకునేలోపు గోడే జరిపేస్తుంది.

సన్ చేస్తున్న పని చూసి, అదే లినక్స్ మీద ఎందుకు చేయకూడదని బాబ్ ఆమ్‌స్టాట్, ఎరిక్ యంగ్‌డేల్ 1993లో 'వైన్' మొదలుపెట్టారు. మరుసటి ఏడాది ఆ బాధ్యత అలెగ్జాండర్ జూలియార్ చేతికొచ్చింది. ఇప్పటికీ ఆయనే చూస్తున్నాడు. మూడు దశాబ్దాలు ఒకే పనిని పట్టుకుని కూర్చున్న ఆ ఓపికకి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

వైన్ చేసేదేమిటో ఏలూరు వాళ్లకి చెప్పడం తేలిక. బెజవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువ, విజ్జేశ్వరం నుంచి వచ్చే గోదావరి కాలువ మన ఊళ్లోనే కలుస్తాయి. పడవలు తిరిగిన కాలంలో ఒక నీటిమట్టం నుంచి మరో మట్టానికి పడవను చేర్చేవి లాకులు. పడవని విప్పి మళ్లీ కట్టేవాళ్లు కాదు. పడవ పడవగానే ఉండేది, దాని కింది నీటినే సరిపెట్టేవాళ్లు. వైన్ కూడా అంతే. పేజ్‌మేకర్‌ని తిరగరాయదు. ఆ ప్రోగ్రామ్‌లోని ఆదేశాలు ఇంటెల్ ప్రాసెసర్‌కి అర్థమయ్యేవే కాబట్టి వాటిని ప్రాసెసర్ నేరుగానే నడిపిస్తుంది. చిక్కల్లా మధ్యలో అది విండోస్‌ని అడిగే పనుల దగ్గర. 'ఒక కిటికీ తెరువు', 'ఈ ఫైలు చదువు', 'ఈ అక్షరం ఇక్కడ గీయి'. ఇలాంటి వేల అభ్యర్థనలకి విండోస్ ఇచ్చే జవాబునే వైన్ లినక్స్ చేత ఇప్పిస్తుంది. అడిగిన ప్రోగ్రామ్‌కి తేడా తెలియకూడదు. కంప్యూటర్ లోపల మరో ఉత్తుత్తి కంప్యూటర్ని సృష్టించి అందులో అసలు విండోస్‌నే ఎక్కించే వర్చువల్ మెషీన్ పద్ధతి వేరు. అక్కడ విండోస్ కొనాలి. ఇక్కడ అక్కర్లేదు.

చెప్పడానికి తేలికే, చేయడం నరకం. మైక్రోసాఫ్ట్ అసలు కోడ్ ఈ పని చేసేవాళ్లు చూడకూడదు. చూస్తే కోర్టు. కాబట్టి బయటి నుంచి పరీక్షిస్తూ, ఇలా అడిగితే విండోస్ ఏమంటుందో గమనిస్తూ, పొరపాట్లతో సహా అనుకరిస్తూ పోవాలి. విండోస్‌లో ఒక తప్పు ఉండి, ఆ తప్పు మీద ఆధారపడి ఎవరో ప్రోగ్రామ్ రాసుంటే, ఆ తప్పు వైన్‌లోనూ ఉండాల్సిందే. 1993లో మొదలైన పని 1.0 వెర్షన్ అనిపించుకునేసరికి 2008 జూన్ 17 వచ్చింది. పదిహేనేళ్లు.

కోరెల్ వచ్చి వెళ్లిన వైనం

ఈ పదిహేనేళ్ల మధ్యలో మన ఫ్లెక్సీ కొట్లకు నేరుగా సంబంధించిన ముచ్చట ఒకటుంది. తాడేపల్లిగూడెంలో అయినా భీమడోలులో అయినా సంక్రాంతి శుభాకాంక్షల ఫ్లెక్సీ నుంచి పుట్టినరోజు బ్యానర్ దాకా ఎక్కువగా తయారయ్యేది కోరెల్‌డ్రాలో. దాన్ని చేసేది కెనడాలోని ఒట్టావాకి చెందిన కోరెల్. అధిపతి మైఖేల్ కౌప్లాండ్‌కి మైక్రోసాఫ్ట్‌తో పాత వైరం. వర్డ్‌పర్ఫెక్ట్‌ని కొని, వర్డ్ మీదికి వదిలి దెబ్బతిన్న మనిషి. 1999లో ఆయన సొంత లినక్స్‌నే విడుదల చేశాడు. 2000లో వర్డ్‌పర్ఫెక్ట్ ఆఫీసు, కోరెల్‌డ్రా 9 రెండూ లినక్స్‌కి వచ్చాయి. వాటిని లినక్స్ కోసం మళ్లీ మొదటి నుంచి రాయలేదు. కింద వైన్ పెట్టి నడిపించారు. కోరెల్ ఇంజనీర్లు బాగుచేసిన భాగాలు తిరిగి వైన్‌లోకే చేరాయి.

అప్పుడు అది నిలదొక్కుకుని ఉంటే మన ఊళ్ల ఫ్లెక్సీ కొట్లలో ఈ రోజు లినక్స్ ఉండేదేమో. నిలవలేదు. లినక్స్ కోరెల్‌డ్రా మందకొడిగా నడిచేది, కంపెనీ అప్పుల్లో ఉంది. 2000 ఆగస్టులో కౌప్లాండ్ దిగిపోయాడు. అక్టోబరులో మైక్రోసాఫ్టే వచ్చి 13.5 కోట్ల డాలర్లు కోరెల్‌లో పెట్టుబడి పెట్టింది. మరుసటి ఏడాది కోరెల్ తన లినక్స్ విభాగాన్ని అమ్మేసింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని రుజువులు చూపించగలిగినవాళ్లు లేరు. కానీ ఆ తేదీలను పక్కపక్కన పెట్టుకుని చూసినవాళ్లెవరూ నమ్మకుండానూ లేరు.

2005లో ఇంకో ఘట్టం. దొంగ కాపీలు పట్టుకోవడానికి మైక్రోసాఫ్ట్ పెట్టిన 'జెన్యూన్ అడ్వాంటేజ్' తనిఖీ, కంప్యూటర్లో వైన్ ఆనవాలు ఉందా అని ప్రత్యేకంగా వెతికేది. ఉంటే డౌన్‌లోడ్ ఇచ్చేది కాదు. అంతటి కంపెనీ తమని లెక్కలోకి తీసుకుందని వైన్ వాళ్లకి అప్పుడు అర్థమైంది. పంతొమ్మిదేళ్ల తర్వాత, 2024 ఆగస్టులో, అదే మైక్రోసాఫ్ట్ తన దగ్గరున్న, డాట్‌నెట్ ప్రోగ్రాములను విండోస్ బయట నడిపే మోనో ప్రాజెక్టు బాధ్యతను వైన్ సంస్థకే అప్పగించింది.

సీడీలు చేరిన దారి

మన వైపు ఇంటర్నెట్ అంటే నెట్ సెంటరులో గంటకింత అని కొలిచే రోజుల్లో ఆపరేటింగ్ సిస్టమ్‌ని డౌన్‌లోడ్ చేసుకోవడం అయ్యే పని కాదు. సీడీ రావాలి. 1996 నుంచే పీసీక్వెస్ట్ పత్రిక తన సంచికతో పాటు లినక్స్ సీడీ ఇచ్చేది. 2005 నాటికి ఉబుంటు వాళ్లు ప్రపంచంలో ఏ చిరునామాకి అడిగితే ఆ చిరునామాకి సీడీలు పోస్టులో ఉచితంగా పంపుతున్నారు. 2011 దాకా సాగిన ఆ సీడీల పంపకం మన దేశపు ఇంజనీరింగ్ హాస్టళ్లలో చేసిన పని అంతా ఇంతా కాదు. హైదరాబాద్‌లో 2005లో మొదలైన 'స్వేచ్ఛ' సంస్థ లినక్స్ తెరను తెలుగులోకి తెచ్చే పని నెత్తిన వేసుకుంది. కాలేజీలకు వెళ్లి విద్యార్థులకి నేర్పింది.

అలా నేర్చుకున్న పిల్లలు సెలవులకు ఇంటికొస్తారు. బాబాయిదో మేనమామదో డీటీపీ సెంటరు ఉంటుంది. 'మామయ్యా, ఎన్నిసార్లని ఫార్మాట్ కొట్టిస్తావు, లినక్స్ వేసేద్దాం' అంటాడు మేనల్లుడు. 'అందులో పేజ్‌మేకర్ వస్తదా?' ఇదే మొదటి ప్రశ్న. రెండోది, 'మరి అను?'

ఎక్కించిన రోజు

ఆ పని దగ్గర కూర్చుని చూడదగ్గది. లినక్స్‌లో వైన్ వేసి మొదటిసారి నడపగానే అది హోమ్ ఫోల్డర్‌లో కంటికి కనపడకుండా ఒక ఫోల్డర్ సృష్టిస్తుంది. దాని లోపల సి డ్రైవ్. అందులో విండోస్ అనే ఫోల్డరు, ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డరు, ఫాంట్స్ ఫోల్డరు. మైక్రోసాఫ్ట్‌ది ఒక్క ముక్క ఉండదు, కానీ ఇంటి నక్షా మాత్రం అచ్చం విండోస్‌దే. సీడీలోని సెటప్ ఫైలు మీద క్లిక్ చేస్తే ఆ బూడిదరంగు పెట్టె వస్తుంది. నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. కాసేపటికి పేజ్‌మేకర్ తెల్ల పేజీ తెరుచుకుంటుంది. పాత ఇన్‌స్టాలర్లలో 16 బిట్‌వి కొన్ని ఉండేవి. 64 బిట్ విండోస్ వాటిని గుమ్మంలోకి కూడా రానివ్వదు. వైన్ రానిస్తుంది. మైక్రోసాఫ్ట్ వదిలేసిన పాత విండోస్ ప్రోగ్రాములకు లినక్స్‌లో చోటు దొరికిందన్నమాట.

ఇప్పుడు తెలుగు. అను ఫాంట్లు ఆ ఫాంట్స్ ఫోల్డరులో వేసి, పాత శుభలేఖ ఫైలు తెరిస్తే, తెలుగు చక్కగా కనిపిస్తుంది. ఒత్తులు ఒత్తుల చోట, గుడులు గుడుల చోట. మేనల్లుడు మామయ్య వైపు గర్వంగా చూస్తాడు. నిజానికి ఇందులో వైన్ గొప్ప కన్నా ఆ ఫాంట్ల తయారీ తీరుదే పాత్ర ఎక్కువ.

ఆ ఫాంట్లు తెలుగువని కంప్యూటర్‌కి తెలియనే తెలియదు. ఎనిమిది బిట్‌లలో పట్టే 256 గళ్లలో ఇంగ్లీషు అక్షరాలు, యూరప్ భాషల ఉచ్చారణ గుర్తులు ఉండాల్సిన చోట తెలుగు అక్షరాల ముక్కలు కూర్చోబెట్టారు. తలకట్టు ఒక గడి, కొమ్ము ఒక గడి, తవత్తు ఒక గడి. ఆపరేటర్ ఒక కీ నొక్కితే అను ప్రోగ్రామ్ మధ్యలో దాన్ని పట్టుకుని సరైన ముక్కల్ని వరసగా అందిస్తుంది. పేజ్‌మేకర్‌కి మాత్రం అది ఏదో వింత ఇంగ్లీషు మాట. ఎడమ నుంచి కుడికి గీసుకుంటూ పోతుంది. ఇంగ్లీషు గీయడం వచ్చిన ఏ యంత్రానికైనా ఆ తెలుగు గీయడం వచ్చినట్టే. అందుకే సరిహద్దు అంత తేలిగ్గా దాటింది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అదే ఫైలు తెరిస్తే కొక్కిరి బిక్కిరి గుర్తులు తప్ప ఒక్క తెలుగక్షరం కనపడదు.

యూనికోడ్‌ది మరో మార్గం. 1991 అక్టోబరులో వచ్చిన యూనికోడ్ 1.0లోనే తెలుగుకి చోటుంది. అందులో 'స్త్రీ' అని రాస్తే లోపల దాచుకునేవి ఆరు సంకేతాలు. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఇవి ఉచ్చారణ వరసలో ఉంటాయి. తెర మీద గీయాలంటే ఆ గుడి వెనక్కి వెళ్లి స మీద ఎక్కాలి, తవత్తు కిందికి దిగాలి, రవత్తు దాని చోటు అది వెతుక్కోవాలి. ఈ సర్దుబాటు చేసే పని విండోస్‌లో యూనిస్క్రైబ్‌ది. ఎక్స్‌పీతో తెలుగు కూడా అందులో చేరింది, గౌతమి ఫాంటూ అప్పుడే వచ్చింది. వైన్‌కి మాత్రం ఆ యూనిస్క్రైబ్‌ని కూడా మొదటి నుంచి తానే కట్టుకోవాల్సి వచ్చింది. కోడ్‌వీవర్స్ అనే అమెరికా కంపెనీలో పనిచేసే ఎరిక్ స్టీవర్ట్ 2010 తర్వాత ఒక్కో భారతీయ లిపిని తీసుకుని ఆ సర్దుబాటు రాసుకుంటూ వచ్చాడు. వైన్ కోడ్‌లో ఈ రోజుకీ 'కాంటెక్స్చువల్‌షేప్_తెలుగు' అనే పేరుతో ఒక భాగం కనిపిస్తుంది. మన గుణింతాలూ ఒత్తులూ ఏ వరసలో సర్దుకోవాలో ఎక్కడో అమెరికాలో కూర్చుని ఒకాయన నేర్చుకుని రాసిన చోటు అది. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఈ సర్దుబాటు ఎంత సున్నితమైనదో ప్రపంచం మొత్తానికీ తెలిసొచ్చిన సందర్భం 2018 ఫిబ్రవరి. 'జ్ఞా'ని ఒక ప్రత్యేకమైన వరసలో పంపితే ఐఫోన్లలో ఆప్‌లు కుప్పకూలేవి. అంతటి ఆపిల్ కంపెనీ ఒక్క తెలుగక్షరం కోసం హడావిడిగా కొత్త అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది.

నడిచినవి, నడవనివి

పేజీ కనిపించడం వేరు, రోజూ ఆ సిస్టమ్ మీద అన్నం తినడం వేరు. మొదటి తంటా కీబోర్డు. అను లాంటి కీబోర్డు ప్రోగ్రాములు వెనకాల ఉండి కీలను పట్టుకునే రకం. వైన్ లోపల ఉన్నంత వరకే వాటి చేతికి కీలు అందుతాయి. పేజ్‌మేకర్ కిటికీ దాటి బయటి లినక్స్ ప్రోగ్రామ్‌లోకి రాగానే ఇంగ్లీషే పడుతుంది. 'ఇక్కడ పడుతోంది, అక్కడ పడట్లేదేంట్రా' అని మామయ్య విసుక్కోవడంలో న్యాయం ఉంది.

రెండోది తాళం. అప్పటి భారతీయ భాషా సాఫ్ట్‌వేర్లలో కొన్నింటికి కంప్యూటర్ వెనక గుచ్చే హార్డ్‌వేర్ లాక్ ఉండేది. దాన్ని గుర్తించే డ్రైవర్ విండోస్ కడుపులో కూర్చునే సరుకు, వైన్‌కి సాధారణంగా అంతు చిక్కదు. డబ్బు పెట్టి కొన్నవాడి ప్రోగ్రామ్ లాక్ దగ్గర ఆగిపోయేది, తాళం పీకేసిన దొంగ కాపీ మాత్రం నడిచేది. నిజాయతీగా కొన్న డీటీపీ యజమానికి ఇంతకంటే అన్యాయం లేదు.

మూడోది ప్రింటరు. మన ఊళ్లలో విపరీతంగా అమ్ముడైన చౌక లేజర్ ప్రింటర్లు కొన్నింటికి లినక్స్ డ్రైవర్ ఎక్కించడం ఒక పూట పని. ఎక్కించాక కూడా ఇవాళ వచ్చిన ప్రింటు రేపు వస్తుందన్న భరోసా లేదు. రాత్రి తొమ్మిదింటికి శుభలేఖ ప్రూఫు కోసం పెళ్లివారు కుర్చీలో కూర్చుని ఉంటే ఆ మాట చెప్పలేం. చాలా సెంటర్లు అక్కడే వెనక్కి తగ్గాయి. పాత ఎక్స్‌పీ సిస్టమ్ ఒకదానికి నెట్ తీగ పీకేసి, దాన్ని పేజ్‌మేకర్‌కి కేటాయించి, మిగతావి కొత్త విండోస్‌కి మార్చుకున్నాయి. కొన్ని చోట్ల లినక్స్ మీదనే వర్చువల్‌బాక్స్ పెట్టి అందులో ఎక్స్‌పీ వేసుకున్నారు.

అసలు లెక్కల పుస్తకాల వాళ్ల దగ్గరికెళ్తే వైన్ ముచ్చట మొదలు కూడా కాలేదు. తాడేపల్లిగూడెం రైస్ మిల్లులోనైనా ఆకివీడు చేపల కంపెనీలోనైనా గుమాస్తా చేతిలో ఉండేది ట్యాలీ. 1986లో డాస్ మీద పుట్టి విండోస్‌కి మారిన ప్రోగ్రామ్. వైన్‌లో దాన్ని తెరవడం ఒక ఎత్తు, 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక నెలనెలా మారే రూల్స్‌కి తగ్గ అప్‌డేట్‌లను నడిపించడం మరో ఎత్తు. ఆదాయపు పన్ను రిటర్నుల కోసం ఇచ్చిన ఎక్సెల్ ఫైళ్లలోని మాక్రోలు విండోస్ ఎక్సెల్‌నే కోరేవి. చట్టం మారినప్పుడల్లా మారే సాఫ్ట్‌వేర్‌తో వైన్ పరుగెత్తలేదు. కదలకుండా ఆగిపోయిన సాఫ్ట్‌వేర్‌ని మాత్రం అది గట్టిగా పట్టుకుంటుంది. పేజ్‌మేకర్ అటువంటిది.

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఇంకో రకం సరిహద్దు దాటడం జరిగింది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఫస్టియర్ సి ల్యాబ్ అంటే నీలం తెర టర్బో సి. కంట్రోల్ ఎఫ్9 నొక్కితే రన్. బోర్లాండ్ కంపెనీ డాస్ కోసం చేసిన సరుకు. 64 బిట్ విండోస్ 7 వచ్చాక డాస్ ప్రోగ్రాములకి అసలు దారే మూసుకుపోయింది. సిలబస్ మారలేదు, రికార్డులు మారలేదు, క్లియర్‌స్క్రీన్ రాయకపోతే మార్కులు తగ్గడమూ మారలేదు. అప్పుడు ఆదుకున్నది డాస్‌బాక్స్. నెదర్లాండ్స్‌కి చెందిన ఇద్దరు కుర్రాళ్లు పాత ఆటలు ఆడుకోవడం కోసం తయారుచేసి 2002లో విడుదల చేసిన ప్రోగ్రామ్ అది. ఇక్కడ వైన్ పద్ధతి కాదు, ప్రాసెసర్ దగ్గర్నుంచి మొత్తం పాత కంప్యూటర్నే లోపల అనుకరిస్తుంది. టర్బో సిని దానితో కలిపి ఎవరో కట్టిన మూట పెన్‌డ్రైవ్‌లలో కాలేజీ నుంచి కాలేజీకి తిరిగింది. ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం హాస్టళ్లలో ఆ మూట ఎక్కని ల్యాప్‌టాప్ అరుదు. 2015లో ఎన్ఐటీ ఆంధ్రప్రదేశ్ తాడేపల్లిగూడెంలో మొదలయ్యే నాటికి ప్రపంచం జీసీసీ కంపైలర్ దాటి ఎక్కడికో వెళ్లిపోయింది. చుట్టుపక్కల పిల్లల సి మాత్రం ఇంకా ఆ నీలం తెరలోనే ఉండిపోయింది. వాళ్లని తప్పుపట్టను. పరీక్ష పెట్టేవాళ్లు కాలంతో పాటు కదలకపోతే పిల్లలు ఏం చేస్తారు?

వైన్ సొంత జాతకం మాత్రం ఆ తర్వాతే తిరిగింది. 2018 ఆగస్టులో ఆటల కంపెనీ వాల్వ్ వైన్‌ని తీసుకుని 'ప్రోటాన్' చేసింది. విండోస్ ఆటలు లినక్స్‌లో క్లిక్ చేస్తే నడవడం మొదలైంది. 2022 ఫిబ్రవరిలో ఆ ప్రోటాన్ మీదనే స్టీమ్ డెక్ అనే చేతి యంత్రం అమ్మకానికి వచ్చింది. ఆటల డబ్బు వచ్చి పడటంతో వైన్‌లో లోపాలు వేగంగా తగ్గాయి. ఇప్పుడు మామూలు ఉబుంటు మీద పేజ్‌మేకర్ ఎక్కించి చూస్తే, పదేళ్ల కిందట విసిగించినవి కొన్ని మాయమైపోయి ఉంటాయి. మన మేనల్లుళ్లు అడిగినందువల్ల కాదు, ఎవరో ఆటలాడుకోవాలనుకున్నందువల్ల.

ఇక మిగిలింది ఆ ఫైళ్లు. పాత ప్రోగ్రామ్‌ని బతికించి డాట్ పి65 ఫైలు తెరిచాం, సరే. అందులోని వినతిపత్రాన్ని ఒక పరిశోధక విద్యార్థి వెతకాలంటే, ఒక లంక గ్రామం తన చరిత్ర రాసుకోవాలంటే, ఆ వింత ఇంగ్లీషు ముక్కలన్నీ మళ్లీ నిజమైన తెలుగు కావాలి. 2012లో అడోబీ ఇన్‌డిజైన్ సీఎస్6 భారతీయ లిపులను అక్కున చేర్చుకోవడం, సిలికానాంధ్ర సంస్థ చొరవతో తెలుగు యూనికోడ్ ఫాంట్లు రావడం, పాత ఫాంట్లను యూనికోడ్‌గా మార్చే 'పద్మ' వంటి ఉపకరణాలు రాసిన తెలుగు ప్రవాసులు, మార్పిడిలో పారిపోయిన వత్తులు, ఆపిల్ లేఅవుట్ వదలనంటే వదలనన్న ఆపరేటర్లకీ కొత్తగా వచ్చిన ఫోనెటిక్ కుర్రాళ్లకీ మధ్య సెంటర్లలో నడిచిన పంతాలు... ఇవన్నీ వచ్చే భాగంలో.